ఊపిరితిత్తుల కోసం టెంటు వేసిన ఊరు

ఊపిరితిత్తుల డాక్టరుగా నా ఉద్యోగమంతా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దవాఖానల్లోనే గడిచింది. రిటైరయ్యాక కుర్ర డాక్టర్లు ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, ఊపిరితిత్తుల మార్పిడికి మీరు రోగుల్ని పంపేవారట కదా, ఎలా ఎంచుకునేవారు?" అడిగేటప్పుడు ఏదో గొప్ప శాస్త్రం వినబోతున్నామన్న భక్తి వాళ్ల మొహాల్లో కనిపిస్తుంది. ఆ భక్తిని మొదట్లోనే చెడగొట్టడం నా ధర్మం. నేను కోసిందీ లేదు, కుట్టిందీ లేదు. నేను చేసింది పెళ్లిళ్ల పేరయ్య పని.

ఒకవైపు ఊపిరాడని మనిషి, ఇంకోవైపు సిటీలో పెద్ద దవాఖాన. మధ్యలో నేను. తొందరపడి పంపితే "ఇంకా బాగానే ఉన్నాడు కదమ్మా" అని వెనక్కి పంపుతారు. ఆలస్యం చేస్తే "ఇప్పుడా తీసుకొచ్చేది?" అంటారు. పేరయ్యకు పడే తిట్లన్నీ నాకూ పడ్డాయి, కాకపోతే ఆయనకు దొరికే విందుభోజనం నాకు దొరకలేదు.

ప్రమోషన్లు, బదిలీల గోల ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి. కేసముద్రం సేటు సంగతి రాస్తాను. మీరు ఈ పనిలోకి వస్తున్నట్టయితే అందులోనే కావలసినంత ఉంది.

కుర్చీ దాకా నడక

ముందుగా మా పెద్ద డాక్టరు గురించి ఒక మాట చెప్పాలి. జనగామలో నేను చేరినప్పుడు ఆయన వరండాలో పడక్కుర్చీ వేసుకొని, సాసర్లో చాయ్ ఒంపుకొని, కళ్లు మూసుకొని ఉండేవారు. నిద్రపోతున్నారని ఊరంతా అనుకునేది, నేనూ అనుకున్నాను.

ఒకరోజు ఒక రైతు వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఆయాసం ఉందా అని అడిగాను, లేదన్నాడు, లేదని రాసుకున్నాను. వరండాలోంచి కేక వినిపించింది.

"ఆయనను ఎవరు అడగమన్నరమ్మా నిన్ను? గేటు కాడ ఆగిండు. నిమ్మచెట్టు కాడ ఆగిండు. మెట్ల కాడ బీడీల కోసం జేబులు దేవులాడినట్టు జేసిండు. ఆయన కాడ బీడీల్లేవు, దమ్ము లేదు. కూసున్న రోగి వకీలు, నడిచే రోగి సాక్షి. వకీలు మాట ఇనకు."

ఆ రోజు నుంచి నా కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాను. గేటు దగ్గర్నుంచి నా కుర్చీ వరకు మనిషి ఎన్నిచోట్ల ఆగాడు, ఆగినందుకు ఏం సాకు పెట్టుకున్నాడు అనేది చూస్తే సగం రోగం తెలిసిపోతుంది. మావైపు మగవాళ్లు ఎవరూ దమ్ము, అంటే ఆయాసం, వస్తోందని ఒప్పుకోరు. మెట్లు ఎక్కువైనాయంటారు, ఎండ ముదిరిందంటారు, నిన్నటి పప్పు అరగలేదంటారు. భూపాలపల్లిలో బొగ్గుబావిలో పనిచేసే ఒకాయన ఇలాగే అన్నింటి మీదికీ నెట్టి, మంచం దిగలేని స్థితిలో నా దగ్గరికి వచ్చాడు. సిటీకి ఫోన్ చేసి బతిమాలాను, కాదన్నారు. అప్పటికే గుండె కూడా దెబ్బతింది. "పరేషాన్ గాకు బిడ్డా, నేనే చెప్పకపోతి" అని నన్నే ఓదార్చాడు ఆ పెద్దమనిషి. పంపిన వాళ్ల కంటే పంపలేకపోయిన వాళ్లే నాకు ఎక్కువ గుర్తుంటారు.

చెవిన ఫోను పెట్టుకున్న మనిషి

నేను మహబూబాబాద్‌లో పనిచేసేటప్పటి మాట. వీరేశం సేటుకు కేసముద్రం మార్కెట్ యార్డు ఎదురుగా అడ్తి (కమీషన్) దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పత్తి, మిర్చి, మక్కజొన్నలు అక్కడ దిగేవి. పత్తి దుమ్ము, బూజు పట్టిన మక్కల దుమ్ము, మిర్చి ఘాటు అన్నీ పీల్చి పీల్చి ఆయన ఊపిరితిత్తులు పీచుబారాయి. స్పాంజిలా మెత్తగా ఉండాల్సినవి ఎండిన తోలులా బిగుసుకుపోయాయి. అలాంటి వాటికి మందులు కొంత కళ్లెం వేయగలవు, అంతే.

ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. వ్యాపారికి జబ్బుందంటే పరపతి పోతుంది. "సేటు ఇయ్యాల్నో రేపో" అని యార్డులో ఒక్కడు అన్నాడంటే పత్తి బండ్లన్నీ పక్క దుకాణానికి తిరుగుతాయి. అందుకని ఆక్సిజన్ మిషన్‌ను దుకాణం వెనక గదిలో మిర్చి బస్తాల వెనక దాచాడు. ఊపిరితిత్తులు చెడినవాడు ఆక్సిజన్‌ను మిర్చి బస్తాల మధ్య పెట్టుకున్నాడంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైగా అవి కరెంటు కోతల రోజులు. మిషన్ నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ.

దమ్ము రాకుండా మాట్లాడటానికి సేటు ఒక ఉపాయం కనిపెట్టాడు. రైతుతో బేరం సగంలో ఉండగా ఊపిరి అందకపోతే వెంటనే జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించి, "ఆ... ఆ..." అంటూ తల ఊపేవాడు. అవతల వరంగల్ పెద్ద సేటు ఎవరో మాట్లాడుతున్నాడనుకొని రైతు మర్యాదగా ఆగేవాడు. ఊపిరి కుదిరాక సేటు ఫోన్ పెట్టేసి బేరం అందుకునేవాడు. ఫోన్లు ఎక్కువ వస్తున్నాయని ఆయన పరపతి పెరిగింది కూడా.

ఈ గుట్టు నాకు చెప్పింది ఆయన భార్య సుగుణమ్మ. నేను సుగుణక్కా అని పిలిచేదాన్ని. ఆయన ముందు తల ఎత్తేది కాదు గాని, ఆయన బయట చెప్పులు వేసుకుంటుండగా నా చెవిలో అన్నీ ఊదేది.

"సేటూ, ఇట్ల లాభం లేదు. కొత్త ఊపిరితిత్తులు పెట్టించుకోవాలె. సిటీకి పంపుత" అన్నాను ఒకరోజు.

"ఇప్పుడే ఎందుకు డాక్టరమ్మా? జర ముదిరినంక పోత."

"ముదిరినంక వాళ్లు రానియ్యరు. ఆపరేషన్ తట్టుకునే సత్తువ ఉండంగనే పోవాలె."

"అంటే మంచిగున్నోనికే ఇస్తరా? మరి మంచిగున్నోనికి ఎందుకు?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగితే మీకు ఈ పని సగం వచ్చినట్టే. కొత్తవి లేకపోతే బతకనంత జబ్బు ఉండాలి, కొత్తవి పెడితే తట్టుకునేంత బలం మిగిలి ఉండాలి. ఆ రెండింటి మధ్య కిటికీ కొంచెంసేపే తెరుచుకొని ఉంటుంది. పంపడానికి అంత తొందరేముంది అని మీకు అనిపించే రోజే పంపాలి. తప్పదు అనిపించే నాటికి కిటికీ మూసుకుపోతుంది.

దీక్షలో కూర్చున్న బరువు

సిటీలో పెద్ద డాక్టరుగారు కాగితాలు చూసి నాకు ఫోన్ చేశారు. గోదావరి వైపు మనిషి, ప్రతి మాటకూ 'అండి' తగిలించేవారు. "మనిషి బాగా సన్నమండి. కాస్త బరువు పెంచి, రోజూ నడిపించి, పళ్లు చూపించి, పొగాకు మాన్పించి తీసుకురండమ్మా" అన్నారు. నేను సేటుకు అన్నీ విడమర్చి చెప్పాను. ముఖ్యంగా తిండి. గుడ్డు తినడు కాబట్టి పప్పు, పెరుగు, పల్లీలు, నువ్వులు, రోజుకు ఎన్నిసార్లయినా తినమన్నాను.

తర్వాత వచ్చినప్పుడు తూకం వేస్తే ఉన్న బరువు కూడా తగ్గింది. సుగుణక్క నేల చూపులు చూస్తోంది. సేటు గోడ మీద బల్లిని చూస్తున్నాడు. మరునాడు ఏదో పని మీద కేసముద్రం వెళ్తే నాకే కనిపించింది. స్టేషన్ దారిలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. అందులో మెడలో పూలదండ వేసుకొని, దిండుకు ఆనుకొని, మా వీరేశం సేటు కూర్చున్నాడు.

కారు ఆపి టెంటులోకి నడిచాను. "సేటూ, నేను తినమన్ననా, ఉపాసం ఉండమన్ననా?"

సేటు వెంటనే చెవికి ఫోన్ పెట్టుకున్నాడు.

పక్కనే ఉన్న యాకయ్య లేచి నిలబడ్డాడు. హమాలీ సంఘానికి పెద్ద, ఆ టెంటు బాధ్యత అంతా ఆయనదే. "డాక్టరమ్మా, మా సేటుది ఎంత పెద్ద మనసో మీకు ఎరుక లేదు. ఎవ్వలు రాకున్నా తనొస్తడు. మేం ఒక్కపొద్దు కూసుంటే ఆయన ఎన్నిసార్లు కూసున్నడో. గీ ఉద్యమంల గిసుంటోడు ఇంకోడు లేడు."

అప్పుడు నాకు అర్థమైంది. సేటు బుర్రే బుర్ర. దుకాణంలో కూర్చుంటే లేవాలి, నడవాలి, అరవాలి. దీక్షలో కూర్చున్నవాణ్ని ఎవరూ లేవమనరు. నీరసంగా ఉంటే "పాపం, దీక్షల ఉన్నడు" అంటారు. మాట రాకపోతే "గొంతు పోయింది, నినాదాలిచ్చిండు" అంటారు. ఆయన రోగానికి ఉద్యమం గౌరవమైన ముసుగు వేసింది. ఊరంతా ఆయన్ని పొగుడుతుంటే ఆయన ఎండిపోతున్నాడు.

నేనూ ఈ గడ్డ మీది మనిషినే, మాది జఫర్‌గఢ్. ఉద్యమంలోంచి లేచి రమ్మని చెప్పే దమ్ము నాకూ లేదు. ఒక నిమిషం ఆలోచించి యాకయ్యను అడిగాను. "రోడ్ల మీద వంటావార్పు ఎన్నడు పెడుతున్నరు?"

"ఐతారం నుంచి వరుసగ ఉన్నయమ్మా. ఒకనాడు ఇక్కడ, ఒకనాడు మరిపెడ దిక్కు."

"సేటును దీక్షల నుంచి తీసి వంటావార్పుల ఏయుండ్రి. వండుడు గాదు, తినుడు ఆయన డ్యూటీ. పొయ్యికి దూరం, ఇస్తారికి దగ్గర."

యాకయ్య ఇందులో ఏదో వ్యూహం ఉందనుకున్నాడు. గంభీరంగా తల ఊపాడు. నెల తిరిగేసరికి సేటు చొక్కా గుండీల దగ్గర బిగుసుకుంది. ఉద్యమంలో బరువు పెరిగిన మనిషి మా జిల్లాలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

చూపులు

సిటీకి నేనే వెంట వెళ్లాను. సేటు తలకు రంగు వేయించుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, వేలికి ఉంగరం పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో ఇది చూపులు. లోపం కనబడితే సంబంధం తప్పిపోతుంది. రైల్లో సుగుణక్కకు కూడా పాఠం చెప్పాడు. "సారు ఏమడిగినా మంచిగుండు అను."

పెద్ద డాక్టరుగారు ఎదురు కూర్చున్నారు. "ఎంత దూరం నడవగలరండి?"

"మీరెంతంటే అంత సార్."

"మెట్లు ఎక్కగలరా?"

"పరుగెత్తుత."

ఆయన నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఒకటుంటుంది. పొడుగాటి వరండాలో అటూ ఇటూ నడిపించి రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో చూస్తారు. సేటు బయలుదేరాడు. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగి, చెవికి ఫోన్ పెట్టుకున్నాడు.

"ఎవరితోనండి?" అన్నారు డాక్టరుగారు.

"పత్తి... రేటు... అడుగుతుండ్రు" అన్నాడు సేటు.

అంతలో ఆయన చెవి దగ్గర ఉన్న ఆ ఫోనే గట్టిగా మోగింది. వరండాలో అందరూ తిరిగి చూశారు. చేసేదేమీ లేక సేటు అది ఎత్తాడు. యాకయ్య గొంతు మా అందరికీ వినబడింది. "సేటూ, సెలెక్షన్ అయిందా?" ఏదో కమిటీ సెలెక్షన్ అని ఊళ్లో చెప్పి వచ్చాడట.

గోదావరి డాక్టరుగారు నవ్వాపుకోలేక అద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత గదిలోకి తీసుకెళ్లి మామూలుగా అడిగారు. "పొగాకు మానేశారా?"

"ఎన్నడో మానేసిన సార్."

అప్పుడు సుగుణక్క తల ఎత్తింది. "పొద్దుగాల గూడ జర్దా పాన్ ఏసిండు సార్. రైల్ల. నేను చూస్తలేననుకున్నడు."

సేటు గుడ్లురిమాడు.

"గుడ్లెందుకు ఉరుముతవు? అబద్ధమాడి తెచ్చుకుంటే అవి నీ కాడ ఉంటయా? నువ్వు పోతే నేను ఎవ్వలతోని కొట్లాడాలె?" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆయన ముందు ఆమె అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలని సేటు మొహం చూస్తే తెలిసింది.

కాసేపటికి సేటు నెమ్మదిగా తన చివరి అభ్యంతరం బయట పెట్టాడు. "సార్, ఒక మాట. ఇచ్చేటోళ్లు ఏ దిక్కోళ్లు ఉంటరు? మరి... ఆంధ్రోళ్లయి వస్తే?"

డాక్టరుగారు నోరు తెరిచేలోపే సుగుణక్క అందుకుంది. "నీ రెండు మన కేసముద్రంయే గద! ఏం ఎలగబెట్టినయ్?"

ఆ రోజు తేలింది ఇది: కాదనలేదు, వాయిదా వేశారు. కొన్ని నెలలు పొగాకు పూర్తిగా మానాలి, పరీక్షలో అది తేలాలి, అప్పుడు జాబితాలో పేరు ఎక్కిస్తారు. నేను దిగులుగా లేస్తుంటే డాక్టరుగారు నన్ను ఆపారు. "దిగులు పడకండమ్మా. ఈయనకున్న పెద్ద అర్హత ఆవిడేనండి. ఆపరేషన్ మేం చేస్తాం, తర్వాత బతికించేది ఇంట్లో నిజం చెప్పే మనిషే." నా ఉద్యోగంలో నేను విన్న మంచి మాటల్లో అదొకటి. రోగిని ఎంచుకునేటప్పుడు ఎక్స్‌రే ఒక చేత్తో పట్టుకోండి గాని, కళ్లు మాత్రం పక్కన నిలబడ్డ మనిషి మీద పెట్టండి.

టెంటు

రైల్లో మా మాటలు ఎవరు విన్నారో, మేం ఊరు చేరేలోపే వార్త చేరింది. చేరుతూ చేరుతూ అది వేషం మార్చుకుంది. ఆంధ్ర డాక్టరు మన సేటుకు ఊపిరితిత్తులు ఇయ్యనన్నాడట! నీళ్లు, ఉద్యోగాలు అయిపోయాయి, ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కూడా మన వాటా మనకు ఇవ్వరట! జబ్బు సంగతి ఒక్క పూటలో బయటపడింది. ఇన్నాళ్లూ సేటు భయపడిన పరపతికి ఏమీ కాలేదు, పైగా ఊరికి ఆయన మీద ప్రేమ పొంగింది.

ఆ ప్రేమతో వాళ్లు చేసిన పని మా వాళ్లు తప్ప ప్రపంచంలో ఎవరూ చేయరు. ఆ రోజుల్లో ఏది కావాలన్నా ఒకటే దారి, టెంటు. రెండో రోజుకల్లా యార్డు గేటు ముందు కొత్త టెంటు లేచింది. ఎర్ర అక్షరాల బ్యానర్ కట్టారు. "వీరేశం సేటుకు ఊపిరితిత్తులు వెంటనే కేటాయించాలి." కింద రిలే దీక్షలు మొదలు. హమాలీలు, మిర్చి వ్యాపారులు, తండాల నుంచి వచ్చిన కూలీలు వంతుల వారీగా కూర్చున్నారు. పాట కట్టారు, డప్పు తెచ్చారు. సిటీ దాకా పోయి ఆ దవాఖాన ముందు ధర్నా చేయాలని తీర్మానం కూడా చేశారు.

సుగుణక్క ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "డాక్టరమ్మా, గా సారుకు కోపమొస్తే మాకు రావు ఇగ. జర వచ్చి చెప్పుండ్రి."

మధ్యాహ్నం వెళ్లాను. నన్ను చూడగానే టెంటులో ఉత్సాహం రేగింది. నాకూ దండ వేశారు, దీక్షకు మద్దతు చెప్పడానికి వచ్చాననుకున్నారు. మైకు చేతికిచ్చారు. ఆ దండతోనే మొదలుపెట్టాను.

"అన్నలారా, అక్కలారా. ఊపిరితిత్తులు గోదాముల లేవు. ఎవ్వలు దాచిపెట్టలేదు. గా సారు చేతుల లేవు, సర్కారు చేతుల లేవు. ఎక్కడనో ఒకడు బండి మీద పోతపోత పడి తలకు దెబ్బ తగుల్తది. ఇగ లేవడని తేలుతది. గుండె కొట్టుకుంటనే ఉంటది, ఒళ్లు ఎచ్చగనే ఉంటది. అప్పుడు వాళ్ల అవ్వనో, పెండ్లామో ఏడుపు దిగమింగి సరే అనాలె. అనెతందుకు ఎంత గుండె కావాలె? మీరిక్కడ వెంటనే కావాలె అని అడుగుతుండ్రు. ఎవ్వలను అడుగుతుండ్రో ఎరుకేనా? ఇయ్యాల పొద్దుగాల చాయ్ తాగి, ఇంట్ల నవ్వుకుంట తిరుగుతున్నోణ్ని."

డప్పు కొట్టేవాడు డప్పును నేల మీద పెట్టాడు. యాకయ్య చాలాసేపు బ్యానర్ వంక చూశాడు.

"అంటే... ఎవ్వడన్న సావాలని మనం దీక్ష కూసున్నట్టు అయింది గదనే" అన్నాడు పక్కవాడితో. ఆయనే నిచ్చెన ఎక్కి బ్యానర్ విప్పాడు. దాన్ని మడతపెట్టి చంకలో పెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "ఇట్లని ఎరుక లేకపాయె డాక్టరమ్మా. మరి మేం జేసేదేం లేదా?"

"ఎందుకు లేదు? సేటు నోట్లెకు జర్దా పోకుండ చూడుండ్రి. రోజూ నడిపియ్యుండ్రి."

యాకయ్య కళ్లు వెలిగాయి. "అంటే సహాయ నిరాకరణ."

అన్నంత పనీ చేశారు. కేసముద్రంలో ఏ పాన్ డబ్బా కూడా సేటుకు జర్దా అమ్మలేదు. పక్క ఊరికి మనిషిని పంపితే ఆ మనిషే వచ్చి యాకయ్యకు చెప్పాడు. పొద్దున్నే హమాలీలు సేటును ఆక్సిజన్ సిలిండర్‌తో సహా యార్డు చుట్టూ తిప్పేవారు. దమ్ము వస్తే ఒకరు వీపు నిమిరేవారు. దాచడానికి ఇక ఏమీ లేదు కాబట్టి సేటు ఫోన్ కూడా మానేశాడు. "దమ్మొస్తుంది, ఆగుండ్రి" అని నోటితోనే అనడం నేర్చుకున్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు అంత కాలం పట్టింది.

మళ్లీ వెళ్లినప్పుడు పరీక్షలో పొగాకు జాడ లేదు. పేరు ఎక్కించారు.

ఫోను వచ్చింది

ఎదురుచూపులు ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. సరిపడే రక్తం గ్రూపు, సరిపడే ఛాతీ కొలత దొరకాలి. సిటీకి దగ్గరలో ఇల్లు తీసుకొని ఉండమంటే సేటు ఒప్పుకోలేదు. "ఆ ఊర్ల నాకు దమ్మొస్తే వీపు నిమిరేటోడు ఎవడున్నడు?" అన్నాడు.

సేటు క్షీణిస్తూ వచ్చాడు. నడక యార్డు చుట్టూ నుంచి యార్డు గేటు వరకు, గేటు నుంచి అరుగు వరకు వచ్చింది. నాకు భయం మొదలైంది. కిటికీ మూసుకుంటోంది.

ఒకరోజు పొద్దున దవాఖానలో ఉండగా సిటీ పెద్ద డాక్టరుగారి ఫోన్. "అమ్మా, మీ సేటుగారిని బయలుదేరదీయండి. ఇంకా ఖాయం కాదండి, ఇక్కడికి వచ్చాక చూసుకోవాలి." ఆ రోజు తెలంగాణ బంద్. యాకయ్యకు ఫోన్ చేస్తే ఆయన తాపీగా అన్నాడు. "బంద్ జేసింది మేమే గదమ్మా. రోడ్డు మాదే. రాండ్రి."

అంబులెన్స్ తీసుకొని కేసముద్రం చేరేసరికి దుకాణం ముందు ఊరు ఊరంతా ఉంది. దండలున్నాయి, గుమ్మడికాయ ఉంది, డప్పులు మోగుతున్నాయి. గెలిచి వస్తున్న ఎమ్మెల్యేకు కూడా అంత సందడి ఉండదు. సేటును కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. ఆయన చేయి ఎత్తి ఏదో అంటున్నాడు, ఎవరికీ వినబడటం లేదు. నినాదం అనుకొని జనం ఇంకా గట్టిగా అరిచారు. సుగుణక్క ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, తర్వాత జనం వైపు తిరిగింది.

"డప్పు ఆపమంటుండు. ఆడ ఒకలింట్ల ఏడుస్తుండ్రట. ఈడ డప్పు గొట్టద్దంటుండు."

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో దండలు వెనక్కి తీసుకున్నారు. అంబులెన్స్ తలుపు వేస్తుంటే వీధిలో మా ఆక్సిజన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

దారిలో మమ్మల్ని ఆపినవాళ్లు లేరు. యాకయ్య ముందే ఫోన్లు చేసి ఉంచాడు. రాళ్లు, టైర్లు తీసేసి పిల్లాపెద్దా పక్కకు జరిగి నిలబడ్డారు. జనగామ దాటేవరకు ప్రతి టెంటు దగ్గరా జనం లేచి నిలబడటం కిటికీలోంచి చూశాను. ఒక్క నినాదం వినలేదు.

ఊపిరితిత్తులు సరిపోయాయి. ఆపరేషన్ అయ్యాక రోజులు కష్టంగానే నడిచాయి. రెండుసార్లు ఆశ వదులుకున్నాం. సుగుణక్క వదులుకోలేదు. నెలల తర్వాత సేటు మూతికి మాస్కు కట్టుకొని, తన కాళ్ల మీద నడిచి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, మా గేటు నుంచి నా కుర్చీ దాకా వచ్చాడు.

పెత్రమాస

కొత్త ఊపిరితిత్తులున్నవాడు గుంపుల్లోకి పోకూడదు, దుమ్ములో ఉండకూడదు, బయటివాళ్లను దగ్గరకు రానివ్వకూడదు. ఇవన్నీ చెప్పి పంపాను. భాద్రపద అమావాస్య, మేం పెత్రమాస అంటాం, ఆ రోజు పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు పూజారి అయ్యగారికి ఇవ్వడం మా ఊళ్లలో ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆ పొద్దున సేటు ఇంట్లో జనాన్ని పోగేశాడని ఎవరో చెబితే తిట్టడానికి బయలుదేరాను.

జనం లేరు. వాకిట్లో అయ్యగారొక్కరే ఉన్నారు, సుగుణక్క ఆయనకు కూడా మాస్కు కట్టించింది. సేటు దూరంగా పీట మీద కూర్చున్నాడు. వీధిలో ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పూలు తెంపుకొని పోతున్నారు. నేను అరుగు మీద కూర్చొని తిట్లను కాసేపు వాయిదా వేసుకున్నాను.

తండ్రి పేరు చెప్పి ఒక పళ్లెం ఇచ్చాడు, తల్లి పేరు చెప్పి ఇంకొకటి ఇచ్చాడు. మూడో పళ్లెం ముందుకు జరిపాడు. దాంట్లో బియ్యం మిగతా రెండింటి కంటే ఎక్కువున్నాయి.

"ఇది ఎవరికి సేటూ?" అన్నారు అయ్యగారు.

"పేరు ఎరుక లేదు."

"గోత్రం?"

"గదీ ఎరుక లేదు."

అయ్యగారు చేతిలో నీళ్లు పట్టుకొని ఆగిపోయారు. "పేరు లేక, గోత్రం లేక ఇస్తే ఎట్ల ముడుతది?"

సేటు నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మా, పేరొక్కటి చెప్పరాదుండ్రి. ఊరు అడుగ. ఏ దిక్కోడని అడుగ."

"నాకు తెలియదు సేటూ. చెప్పరు. అది కాయిదా, దవాఖాన రూలు." నిజంగానే తెలియదు. తెలిసినా చెప్పకూడదు.

ఆయన తల ఊపాడు. కాసేపు తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, ఆయాసం లేని గొంతుతో అన్నాడు.

"మా గోత్రమే చెప్పుండ్రి. మా ఇంట్లనే ఉంటుండు గద."

సుగుణక్క లోపలికి వెళ్లి ఇంకో దోసెడు బియ్యం తెచ్చి ఆ పళ్లెంలో పోసింది. అయ్యగారు నా వంక ఒకసారి చూశారు. నీళ్లు వదులుతూ సేటు గోత్రమే చదివారు.